వేసవిని ఆడిపోసుకొనే వేళ

ఋతువులు ఆరింటిలో మనుష్యుల చేత మాట పడడానికే పుట్టినది గ్రీష్మం. వాన వెనుకబడితే వరుణుణ్ణి వేడుకొంటాము. చలి ముదిరితే కంబళి కప్పుకొని ఊరుకొంటాము. వేసవిని మాత్రం ముఖం మీదనే నిందిస్తాము. బడులకు సెలవులిచ్చిన మరునాటి నుంచి మా విజయనగరంలో ఏ అరుగు మీద చూచినా నలుగురు ఉపాధ్యాయులు చేరి, ఒకే పాఠాన్ని వల్లె వేస్తూ కనిపిస్తారు. “ఇదేమి వేసవండీ! మా చిన్ననాడు ఇట్లా ఉండేదా?” అని ఒకరంటే, “ఎండ సరేనండీ, ఈ ఉక్క ఎక్కడి నుంచి వచ్చినది?” అని మరొకరంటారు. అంతలో ఒక జల్లు పడితే, “రోహిణికార్తెలో రోళ్లు పగలవలసినది పోయి ఈ అకాలవర్షమేమిటి? మామిడికాయ రాలిపోదూ!” అని మూడవవారు అందుకొంటారు. ఎండ కాసినా తప్పే, కాయకున్నా తప్పే. అత్తవారింటి కోడలికైనా ఇన్ని వంకలు పెట్టరు.

ఈ సణుగుడును సోమరుల కాలక్షేపమని కొట్టివేయడం సులభం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకొన్నాను. కాని ఎవరు సణుగుతున్నారో, ఎందుకు సణుగుతున్నారో కొంచెం చెవి యొగ్గి వింటే అందులో ఒక విచిత్రం బయటపడుతుంది. దానిని పాఠకులకు మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా “మా చిన్ననాడు” అనే మాట సంగతి. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు. చిన్నతనపు వేసవులలో మనకు మిగిలినది ముంజెలు, తాతగారి తోట, మధ్యాహ్నపు ఈత. వీపు పేలిన సంగతి మరచిపోయినాము. ఈ చిక్కు తీర్చడానికే కాబోలు, మన ప్రాంతంలో ఒక పెద్దమనిషి ఏనాడో పూనుకొన్నాడు. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఆ రోజులలో, 1840లో, విశాఖలో గోడే వేంకట జగ్గారావు సొంత ధనంతో ఒక వేధశాలను నెలకొల్పినాడు. ఆయన మద్రాసు వేధశాలలో టైలర్ దొర వద్ద జ్యోతిశ్శాస్త్రం అభ్యసించినవాడు. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వేంకట నరసింగరావు ఆ పనిని కొనసాగించినాడు. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించినవాడు ఈయనే. గ్రహాలను చూచిన ఆ చూపుతోనే ఈ మామా అల్లుళ్లు ఎండనూ వాననూ గాలినీ కూడా కొలిచి వ్రాసిపెట్టించినారు. అరుగు మీద తగవు తీరాలంటే కావలసినది అటువంటి దస్తరమే గాని తాతగారి మాట కాదు.

ఇక ఉక్క సంగతి. అనంతపురంలో 42 డిగ్రీల ఎండను ఓర్చుకొన్న మనిషి కళింగపట్నంలో 36 డిగ్రీలకే కూలబడిపోతాడు. అది అతని సుకుమారం కాదు. శరీరం తన వేడిని చల్లార్చుకొనే ఉపాయం చెమట. అయితే చెమట పట్టినంత మాత్రాన చల్లబడము. అది ఆవిరైపోతూ ఒంటి వేడిని తనతో తీసికొనిపోవాలి. గాలి ముందే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు. కారుతుంది, చొక్కాకు అంటుకొంటుంది, వేడి మాత్రం లోపలనే ఉండిపోతుంది. ఈ సంగతిని భారత వాతావరణశాఖ వారు కూడా ఒప్పుకొన్నారు. మైదానాలలో వడగాడ్పు అని ప్రకటించడానికి ఉష్ణోగ్రత 40 డిగ్రీలైనా దాటాలని లెక్క. సముద్రతీరానికి 37 చాలునన్నారు, ఆ రోజుకు ఉండవలసిన దాని కంటే నాలుగున్నర డిగ్రీలు హెచ్చితే. అనగా మన సణుగుడుకు మూడు డిగ్రీల ప్రభుత్వ గుర్తింపు లభించినదన్నమాట!

ఇందులో పరిహాసానికి చోటు లేని భాగం ఒకటి ఉన్నది. 2015 మే నెలాఖరున వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. వారిలో ఎక్కువమంది ఎండన పడి పని చేయక తప్పనివారు, ముసలివారు. వారు సణిగినారో లేదో ఎవరికీ తెలియదు.

మా వైపు వేసవి మంచిచెడ్డలన్నీ ఒక్క మాటలో చెప్పవచ్చు: గాలి తిరిగినదా, లేదా? ప్రొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది. దాని మీది గాలి తేలికపడి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లని గాలి చొచ్చుకొని వస్తుంది. శ్రీకాకుళం వీధులలో మధ్యాహ్నం వేళ తలుపు రెక్క తనంతట తాను కదిలితే గాలి తిరిగినదని అర్థం. కాని కొన్ని రోజులలో తూర్పుకనుమల మీదుగా దిగివచ్చే పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని ఒడ్డునే నిలబెట్టివేస్తుంది. ఆనాడు చోడంబలి త్రాగి నీడపట్టున కూర్చోవడం తప్ప వేరు గతి లేదు. ఆ పొడి గాలిని పట్టణవాసి నోరారా తిడతాడు.

ఇక్కడనే నేను చెప్పదలచిన విచిత్రం ఉన్నది. ఆ పొడి గాలి కోసమే దండాలు పెట్టేవారు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నారు.

నౌపడ పేరు పాఠకులు వినే ఉంటారు. ఉప్పుమళ్లకు పేరుపడ్డ చోటు. 1900లో అక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్న రైలుమార్గం ప్రారంభమైనది. సముద్రజలంలో నూటికి సుమారు మూడున్నర పాళ్లే లవణం, తక్కినదంతా నీరే. ఆ నీటిని పొయ్యి మీద మరిగించడానికి ఎన్ని కట్టెలు కావాలి! నౌపడలో ఆ పని ఎండే చేసిపెడుతుంది. ఉప్పుటేటి నీటిని మొదటి మడిలో నిలుపుతారు. చిక్కబడినకొద్దీ మరొక మడిలోకి వదులుతారు. చివరకు చదునుగా త్రొక్కి గట్టిపరచిన చిన్న మళ్లలో తెల్లని పలుకులు తేలుతాయి. ఎండ పొడిగా ఉండి పడమటి గాలి వీస్తే మడి త్వరగా పండుతుంది. గాలిలో తేమ నిండితే, మన వీపు మీది చెమట ఆరనట్లే, మడిలోని నీరూ ఆరదు. మనకు ఉక్క ఎంత బాధో ఉప్పురైతుకూ అంతే నష్టం. కాని మనం పారిపోయే ఎండ అతనికి కోతకాలం. మే నెలలో ఒక్క జడివాన పడితే తేలిన పలుకులు కరిగి మళ్లీ నీరైపోతాయి. వరి మడి మునిగితే గడ్డియైనా మిగులుతుంది. కరిగిన ఉప్పుమడిలో ఏమి మిగులుతుంది?

2022 మే నెలలో ‘అసని’ తుఫాను బంగాళాఖాతంలో లేచినది. అది తీరం చేరినది ఎక్కడో మచిలీపట్నం, నరసాపురం నడుమ. అయినా దాని అలలు మా తీరాన్నీ తాకినవి. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే సున్నాపల్లి రేవు దగ్గర బంగారు రంగు రథం వంటి కట్టడం ఒకటి కొట్టుకొని వచ్చినది. ఏదో తూర్పుదేశం నుంచి వచ్చినదని అనుకొన్నారు. జనం తండోపతండాలుగా చూడబోయినారు. పత్రికలలో బొమ్మలు పడినవి. ఆ రథం గురించి నేను చాలా విన్నాను. అదే వారం మబ్బు క్రింద నిలిచిన ఉప్పుమళ్ల సంగతి అడిగి తెలుసుకొన్నవాణ్ణి కాను. ఇప్పుడు తలచుకొంటే కొంచెం సిగ్గుగానే ఉన్నది.

విజయనగరం జిల్లాలో భీమాలి మామిడి తాండ్ర సంగతీ ఇంతే. లక్కవరపుకోట దగ్గరి ఆ గ్రామం పేరు చెబితే చాలు, పిల్లల నోట నీరూరుతుంది. పండ్ల రసం పిండి, తీపి కలిపి, చాపల మీద పలుచగా పూస్తారు. ఒక పొర ఎండిన తరువాతనే దాని మీద మరొక పొర. ఇట్లా రోజుల తరబడి పొర మీద పొర వేస్తే గాని తాండ్ర దళసరి కట్టదు. నడుమ రెండు రోజులు ముసురు పట్టినదా, తడి ఆరక రసం పులుస్తుంది, బూజు పట్టుతుంది, పడిన శ్రమంతా వృథా అవుతుంది. అరుగు మీది ఉపాధ్యాయుడు “హమ్మయ్య, చల్లబడినది” అని నిట్టూర్చే ఘడియలోనే భీమాలిలో ఒక ఇల్లాలు ఆకాశాన్ని తిడుతూ చాపలు లోపలికి లాగుతూ ఉంటుంది. వేసవి తన మాట తప్పినదని నిజంగా ఫిర్యాదు చేయదగినది ఆమె.

మబ్బుపట్టిన వేసవిని చూచి ఏడ్చేవారిలో ఆమెకు తోడు ఎవరయ్యా అంటే, ఆంగ్లేయులు! వాతావరణాన్ని గురించి సణగడంలో వారి తరువాతనే ఎవరైనా. ఇద్దరు ఆంగ్లేయులు కలిస్తే మొదటి మాట వాతావరణం గురించేనని డాక్టర్ జాన్సన్ 1758లోనే చమత్కరించినాడు. జూలై 15న వాన పడితే నలుబది దినాలు వదలదని వారికొక నమ్మకం ఉన్నది. మన కార్తెల సామెతలకు చుట్టమే. 2012లో ఆ దేశంలో నూరేండ్లలో ఎరుగని వానలతో వేసవి గడిచిపోయినది. సెలవు పెట్టి సముద్రతీరానికి పోయినవారు గొడుగుల క్రింద కూర్చొని తిరిగివచ్చినారు. పదేండ్లు గడిచేసరికి, 2022 జూలై 19న, లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసినది. ఆ దేశంలో ఉష్ణోగ్రత 40 దాటడం అదే మొదలు. ఎండ రాలేదని సణిగిన నోటితోనే ఎండ వచ్చినదని సణిగినారు. మన అరుగుల మీది వారికి వారు తీసిపోరు.

అయితే 1816లో ఐరోపా వాసులు చేసినది సణుగుడు కాదు, ఆక్రందనం. అంతకు ముందటి యేడు ఏప్రిల్‌లో ఇండోనీసియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైనది. దాని ధూళి, గంధకపు ఆవిర్లు ఆకాశం పైపొరలకెక్కి సూర్యకాంతికి తెర కట్టినవి. మరుసటి యేడు ఐరోపాకూ ఉత్తర అమెరికా తూర్పు భాగానికీ వేసవే రాలేదు. జూన్‌లో మంచు కురిసినది. పైరు పండలేదు; ధాన్యం ధర ఆకాశాన్నంటినది; ఆకలితో ఊళ్లు కదలినవి. జెనీవా సరస్సు ఒడ్డున విహారానికి వచ్చి వానకు ఇల్లు కదలలేకపోయిన ఒక బృందంలో మేరీ షెల్లీ అనే పద్దెనిమిదేండ్ల యువతి ఉన్నది. పొద్దుపోక దయ్యాల కథలు వ్రాద్దామని వారు పందెం వేసికొనగా ఆమె మొదలుపెట్టినదే ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల. పాఠశాలలలో ఈ కథ చెప్పేటప్పుడు నవలను చెబుతాము, రొట్టె దొరకనివారిని వదిలివేస్తాము.

మనవారు దేశాంతరాలకు పోయి చేసే సణుగుడు మరొక తీరు. 1860 నవంబరులో ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బను చేరినది మొదలు చెరకుతోటల పనికి నేటాలుకు తరలినవారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడ ఋతువులు తలక్రిందులు. భోగిమంట వేయవలసిన నాటికి నడివేసవి. ఉగాది నాటికి ఆకురాలు కాలం. పంచాంగం చెప్పినదొకటి, ఒంటికి తగిలినదొకటి. ఇక ఈ కాలంలో పిల్లల దగ్గరకని కాలిఫోర్నియాకు పోయే మన తల్లిదండ్రులు నూలుబట్టలు సర్దుకొని వెళ్లి, శాన్‌ఫ్రాన్సిస్కోలో జూలై నెలలో ఉన్నిచొక్కా తొడుక్కొని మంచుపొగలో నిలబడతారు. అక్కడ మధ్యాహ్నపు వేడి 20 డిగ్రీలకు అటూ ఇటూనే. లోతట్టు లోయలు కాగి గాలి పైకి లేవగా, చల్లని పసిఫిక్ మీది పొగమంచు గోల్డెన్ గేటు ద్వారా లోపలికి దూసుకొని వస్తుంది. విచారిస్తే అది మన ‘గాలి తిరగడమే’. సూత్రం ఒకటే, సముద్రం చల్లదనం మాత్రం వేరు. ఆ సంగతి ఫోనులో చెప్పబోతే మా మిత్రుడొకడు, “సూత్రం తరువాత చెబుదువు గాని, ముందు కాస్త మన ఎండ పంపించు” అన్నాడు.

పంపడానికి ఇక్కడ మాత్రం ఎక్కడున్నది? ఇంతవరకు వ్రాసి కలం ఆపేసరికి గది చీకటిపడినది. పడమటి దిక్కున మబ్బు క్రమ్మి, గాలి ఒక్కసారి చల్లబడినది. ఎదురింటి మాస్టారు అరుగు మీదకు వచ్చి, చొక్కా గుండీలు విప్పుకొని, “బ్రతికించినాడండీ!” అని ఆకాశానికి చేయెత్తినారు. బదులు చెప్పబోయేంతలో డాబా మీది నుంచి మా ఇంటివారి కేక వినిపించినది: “ఏమండీ, మాగాయ ముక్కలు!”