కాచితే పోయేవి, కాచినా పోనివి

కిందటి నెల మా ఓ.పి.కి ఒక తల్లి కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పట్టుకొని వచ్చారు. వారిది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతూ తార్నాకలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకొని ఉంటున్నాడు. "మా నేలలో గ్యాసు తిని బతికే క్రిములు ఉన్నాయట సిస్టరమ్మా, అబ్బాయి చెప్పాడు. ఇవి మా బోరు నీళ్లే. కాచుకొనే తాగుతున్నాం, చాలదా?" అని అడిగారు. ఈ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీసి చెప్పాలని ఈసారి ఈ విషయం తీసుకున్నాము.

అబ్బాయి చెప్పింది నిజమే. యూనివర్సిటీ ఆవరణకు, తార్నాకకు దగ్గర్లో ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. మనమందరం ఎన్.జి.ఆర్.ఐ. అంటాము, మెట్రో స్టేషన్ పేరు కూడా అదే. అక్కడి శాస్త్రవేత్తలు కృష్ణా-గోదావరి బేసిన్ నేలల్లో ఇటువంటి క్రిములను లెక్కపెట్టి, అడుగున చమురు, గ్యాసు ఎక్కడ ఉండవచ్చో తెలుసుకొనే పద్ధతి మీద పనిచేశారు. వేల అడుగుల లోతున ఉన్న గ్యాసు రాతి సందుల గుండా అతి కొద్దిగా పైకి వస్తూ ఉంటుంది. దానిలో మీథేన్‌తో పాటు ప్రొపేన్, బ్యూటేన్ కూడా ఉంటాయి. మన వంటగ్యాసు సిలిండరులో ఉండేవి ఈ రెండే. వీటినే ఆహారంగా తీసుకొనే బాక్టీరియా నేల పైపొరల్లో పెరుగుతుంది. మట్టి నమూనా తెచ్చి, ప్రొపేన్ తప్ప మరే తిండీ లేని చోట ఉంచితే దాన్ని తినగలిగినవి మాత్రమే పెరుగుతాయి. మేము మీ మూత్రం కల్చర్‌కు పంపినప్పుడు లాబులో క్రిములను పెంచి చూస్తారు కదా, ఇదీ అటువంటిదే. మీథేన్ చెరువు బురదలో ఆకులు కుళ్లినా పుడుతుంది. అందుకే ప్రొపేన్, బ్యూటేన్ తినేవాటినే ఎక్కువగా నమ్ముతారు.

ఇవి నేలలో మామూలుగా ఉండే క్రిములు. విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు వేరు. అవి మనిషి మలం నుంచి నీటిలోకి వస్తాయి. నీళ్లను తెర్లేదాకా కాచితే ఇవి చచ్చిపోతాయి. కాబట్టి ఆ తల్లి కాచడం మంచి పనే. అయితే సగం పనే.

చమురు బావి తవ్వేటప్పుడు పైనున్న మంచినీటి పొరను కాపాడటానికి స్టీలు గొట్టం దించి చుట్టూ సిమెంటు పోస్తారు. ఆ సిమెంటు సరిగా పట్టకపోయినా, చమురుతో పాటు పైకి వచ్చే ఉప్పునీరు, డ్రిల్లింగ్ బురద నిలవచేసిన గుంటలు కారినా చుట్టుపక్కల నీరు చెడవచ్చు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండిన సంగతి ఆ ప్రాంతంవారు మరచిపోరు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2011లో పెన్సిల్వేనియా ప్రాంతంలో పరీక్షించినప్పుడు, గ్యాసు బావులకు కిలోమీటరు లోపల ఉన్న మంచినీటి బావుల్లో మీథేన్ ఎక్కువగా కనబడింది. తాగితే మీథేన్ విషం కాదు గాని, మూసి ఉన్న గదిలో చేరితే నిప్పు అంటుకుంటుంది. బోరు నీళ్లు బుడగలు కక్కుతూ వస్తుంటే దీపం, అగ్గిపుల్ల దగ్గరకు తేకండి.

కోనసీమలో సముద్రపు నీరు లోపలికి చొచ్చి, రొయ్యల చెరువుల వల్ల కూడా నీళ్లు ఉప్పబడతాయి. ఉప్పగా ఉన్నంతమాత్రాన డ్రిల్లింగ్ మీద నింద వేయడం న్యాయం కాదు. కాదని తేల్చడమూ పరీక్ష లేకుండా కుదరదు.

ఇక కాచడం సంగతి. ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు కాచితే పోవు. నీళ్లు ఆవిరై, మిగిలిన నీటిలో అవి ఇంకా చిక్కబడతాయి. నూనె తెట్టు, కిరోసిన్ వాసన ఉన్న నీళ్లయితే కాచనే వద్దు, ఆ ఆవిరి వంటింట్లోనే తిరుగుతుంది.

తార్నాకవారు ఇది గోదావరి జిల్లాల గొడవ అనుకోవద్దు. మన అడుగున ఉన్నది గ్రానైటు రాయి, చమురు లేదు. కాని ఇళ్ల మధ్య వేసిన బోర్లలోకి డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకుల ఊట దిగితే నైట్రేటు చేరుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక పెదవులు, గోళ్లు నీలంగా మారవచ్చు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టవద్దని మేము అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. క్యాండిల్ ఫిల్టరు నైట్రేటును తీయలేదు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తగ్గిస్తుంది.

చాలామంది నల్లబడే సీసా పరీక్ష గురించి అడుగుతారు. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే వెలువరించిన చవకైన, మంచి పరీక్ష అది. నీళ్లలో మలం కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. అయితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే బోరు నీళ్లలో, మలం కలవకపోయినా నల్లబడవచ్చు. అటువంటి చోట లాబు పరీక్షే చేయించాలి.

ఆ తల్లి తెచ్చిన సీసా మాకు పనికిరాలేదు. అందులో అంతకుముందు కూల్‌డ్రింక్ ఉంది, మూత చేత్తో తాకి ఉంది, నీళ్లు పట్టి రెండు రోజులైంది. క్రిముల పరీక్షకు లాబువారిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాయే కావాలి. కొన్ని నిమిషాలు నీళ్లు వదిలేసి, సీసా మూతి తాకకుండా పట్టి, ఐసులో పెట్టి అదే రోజు అందించాలి. ఉప్పు, నైట్రేటు, ఫ్లోరైడులకు వేరే శుభ్రమైన సీసా. నీళ్లలో నూనె తెట్టో వాసనో ఉంటే ముందే లాబువారికి చెప్పండి, దానికి గాజు సీసా ఇస్తారు. పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలను అడగండి.

"ఇన్ని సీసాలా సిస్టరమ్మా!" అని ఆవిడ నవ్వారు. ఊళ్లో బోరుకు, తార్నాకలో అబ్బాయి తాగే బోరుకు వేరువేరుగా చీటీలు రాయించుకొని వెళ్లారు.