సంక్రాంతి చిమ్మిలి - పిల్లల చేతిపని

సంక్రాంతి సెలవులలో బడిపిల్లలు ఇంటిపట్టుననే యుందురు. తల్లి పిండివంటలకు పూనుకొనగానే వారు వంటింటిలోనికి వత్తురు. "అడ్డము రాకుడు, బయట ఆడుకొనుడు" అని వారిని పంపివేయుట మన యిండ్లలో వాడుక. ఈ పండుగకు వారిని పంపివేయక పనిలో చేర్చుకొని చూడుడు.

మన పండుగ వంటలకు మూలమైన దినుసులు మంచివే. నువ్వులు, మినుములు, సజ్జలు, రాగులు, వేరుసెనగలు గ్రామములకు క్రొత్తవి కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో వెలువరించిన పట్టికలను బట్టి 100 గ్రాముల నువ్వులలో 1,100 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. రాగులలో 350 మిల్లీగ్రాములకు మించి యున్నది. ఎదుగు పిల్లల యెముకలకు కావలసినది ఇదియే. చిక్కు దినుసులలో లేదు. మైదా, పంచదార, వనస్పతి వచ్చి వాని చోటును ఆక్రమించినవి. ఒకమారు కాగిన నూనెనే మరునాడును కాచి వేపుట మరియొక చెడు అలవాటు.

నూనె మూకుడుతో గాని, మరుగు పాకముతో గాని నిమిత్తము లేని వంట చిమ్మిలి. పిల్లలతో చేయించుటకు దీనికంటె తగినది మాకు తోచలేదు. ఒక సోల నువ్వులకు అరసోల బెల్లపు తురుము చాలును. ముందుగా పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించవలెను. నువ్వులను పళ్లెములో పరచి మట్టిబెడ్డలను, రాళ్లను ఏరు పని వారిదే. వారి కన్నులు మన కన్నులకంటె చురుకైనవి! వేయించుట మాత్రము పెద్దలు చేయవలెను. సన్నని సెగపై కలుపుచుండగా గింజలు చిటపటలాడి కమ్మని వాసన వచ్చును. అప్పుడే దింపి చల్లార్చవలెను, మాడినచో చేదెక్కును. చల్లారిన నువ్వులను రోటిలో కచ్చాపచ్చాగా దంచి, బెల్లమును, రెండు ఏలకులను చేర్చి మరల దంచినచో నువ్వులలోని నూనెయే పైకి వచ్చి ముద్ద కట్టును. నేయి అక్కరలేదు.

ఉండలు చుట్టుట పిల్లలకు వదలివేయుడు. చిన్న చేతులు చిన్న ఉండలనే చుట్టును. ఉసిరికాయంత ఉండ ఒకటి, రెండు పూటకు చాలును. ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలసి యున్నది. బెల్లము ఔషధమని కొందరు తలంతురు. అదియు చక్కెర జాతిదే. ఆహారమునకు వేరుగా చేర్చు తీపి, దినమునకు కావలసిన శక్తిలో పదవ వంతుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఆ లెక్కలో బెల్లమును, తేనెయు కూడ చేరును. కావున తీపి తగ్గించి నువ్వులు హెచ్చించుటయే మేలు.

ఇది ఇంత పట్టుబట్టి వ్రాయుటకు కారణము గలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్ల లోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశములో నూటికి 63 మంది, తెలంగాణములో 70 మంది. చిమ్మిలి తిన్నంత మాత్రమున అది తీరునని మేమనము. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు ఇనుపధాతువు మందును మానరాదు. అయితే నువ్వులలో ఇనుము కొంత గలదు. వానితోబాటు జామపండు తినిపించినచో, అందలి సి విటమిను వలన ఆ ఇనుము దేహమునకు బాగుగా పట్టును. వెంటనే తేనీరు త్రాగించినచో పట్టుదల తగ్గును.

వేరుసెనగ ఉండలు చేయువారు బూజు పట్టిన గింజలను, ముడుచుకొని రంగు మారిన గింజలను ఏరి పారవేయవలెను. వానిలో కాలేయమునకు హాని చేయు విషము పుట్టును. నాలుగేండ్ల లోపు పసివారికి గింజను గింజగా ఈయరాదు, గొంతునకు అడ్డుపడును. వారికి చిమ్మిలిని సయితము చిన్న తునుకలుగా త్రుంచి, కూర్చుండబెట్టి తినిపింపుడు. మిగిలిన ఉండలను తడి లేని డబ్బాలో ఉంచి, దినమునకు ఎవరికెన్ని అను లెక్కను పెద్దపిల్లకు అప్పగింపుడు.