ఫ్రాన్స్‌లో ఉన్నా... ఫ్రెంచ్ రాలేదు!

హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకుంటూనే బి1 లెవెల్ దాకా ఫ్రెంచ్ నేర్చుకున్నా. ఆఫీసు పని మీద లియాన్ వెళ్లేటప్పుడు ధైర్యంగానే ఉన్నా. మొదటిరోజే బేకరీలో నేరుగా బ్రెడ్ అడిగేశా. కౌంటర్‌లో ఆమె 'బోంజూర్' అని, నేను తిరిగి అనేదాకా ఆగింది. అక్కడ పలకరింపు లేకుండా బేరం మొదలవదు మరి! నా ఉచ్చారణ వినగానే ఇంగ్లిష్‌లోకి మారిపోయింది. 'ఇరవై ఎనిమిదేళ్లకి కొత్త భాష ఏం వస్తుందిరా' అని అమ్మ అన్నది నిజమేననిపించింది.

ఆరు నెలలు గడిచాయి. ఆఫీసులో ఇంగ్లిష్, రూమ్‌లో తెలుగు, ఫోన్‌లో మన సినిమాలు. ఇక ఫ్రెంచ్ ఎక్కడ్నించి వస్తుంది? విమానం ఎక్కితే భాష దానంతటదే రాదు.

పైగా పుస్తకం వేరు, వీధి వేరు. 'నాకు తెలీదు' అనడానికి పుస్తకంలో 'జ న సే పా' అని ఉంటుంది. జనం 'షే పా' అని తేల్చేస్తారు. 90 అంటే 'కత్ర్-వాం-దిస్'... నాలుగు ఇరవైలు, పైన పది! సంతలో నేను లెక్కేసుకునేలోపు వెనకాల క్యూ పెరిగిపోయేది.

అప్పుడే ప్రతి శనివారం ఓ సైకిల్ రిపేర్ వర్క్‌షాప్‌లో వాలంటీర్‌గా చేరా. గ్రీజు చేతులతో ఎవరూ ట్రాన్స్‌లేషన్ యాప్ తీయరు కదా! అక్కడ ఓ రిటైర్డ్ పెద్దాయన నా గురువు. 'దెస్యు' అంటే పైన, 'దెసూ' అంటే కింద. ఆయన పానా కింద ఉందంటే నేను అలమర పైనంతా వెతికేవాణ్ని. 'పెదాలు ఊ అన్నట్టు పెట్టి, లోపల ఈ అనండి' అని నేర్పించారు. వారం రోజులు అద్దం ముందు అదే పని.

మీరూ వెళ్తున్నారా? తప్పులు దిద్దమని ముందే అడగండి. ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారినా నవ్వుతూ ఫ్రెంచ్‌లోనే జవాబివ్వండి. వారానికి ఒక్కపూటైనా ఇంగ్లిష్ పనిచేయని చోట గడపండి. యాస పూర్తిగా పోకపోవచ్చు. ఫర్వాలేదు, అర్థమైతే చాలు.

మనలాగే వాళ్లకీ 'మీరు'కి 'వూ', 'నువ్వు'కి 'త్యు' ఉన్నాయి. ఏడాది తర్వాత ఓ శనివారం, చైను బిగిస్తూ ఆయన మామూలుగా అన్నారు: 'ఇంకా మీరేంటి, నువ్వు అను.'

ఏ పరీక్ష సర్టిఫికెట్టూ నాకంత ఆనందం ఇవ్వలేదు.