ఆరో వంతు డ్యూసెన్‌బర్గ్

పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె పరిచయం చెయ్యాల్సిన పేరు కాదు. ఫోర్డ్ మోడల్ ఎ 40 హార్స్‌పవర్‌తో ఊళ్లు తిరుగుతున్న కాలంలో, 1928 చివర న్యూయార్క్ కార్ల ప్రదర్శనకు వచ్చిన ఈ బండి ఇంజన్ బలం 265 అని ప్రకటించారు. ఒకే వరసలో ఎనిమిది సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, నెత్తిన రెండు క్యామ్‌షాఫ్టులు, మొత్తం 6.9 లీటర్ల ఇంజన్. అమెరికాలో మిస్సోరి రాష్ట్రం కార్తేజ్‌లో లూయిస్ షెనో అనే మెకానికల్ ఇంజనీరు 1932 నాటి డ్యూసెన్‌బర్గ్‌ను సరిగ్గా ఆరో వంతు కొలతకు సొంత చేతులతో తయారుచేశారు. దాదాపు పదేళ్లు, సుమారు 20,000 గంటలు, 6,000కు పైగా విడిభాగాలు. పండగలూ ఆదివారాలూ కలుపుకున్నా రోజుకు ఐదున్నర గంటల చొప్పున పడుతుంది ఆ లెక్క. బానెట్ ఎత్తితే లోపల కనిపించేది అలంకారం కోసం పెట్టిన దిమ్మ కాదు, స్టార్ట్ చేస్తే తిరిగే ఎనిమిది సిలిండర్ల ఇంజన్.

పాలిటెక్నిక్‌లో నేను చెప్పే మెకానికల్ క్లాసులో ఈ కారు ఫొటో చూపించినప్పుడు ఒక కుర్రాడు లేచి అడిగాడు: "కొలతలన్నీ ఆరుతో భాగించుకుంటూ పోతే అదే వచ్చేస్తుంది కదా సార్, ఇంక పదేళ్లెందుకు?" చాలా మంచి ప్రశ్న. డ్రాయింగు షీటు వరకు అతని మాట నిజం. కానీ నిప్పుకు, గాలికి, పెట్రోలు బొట్టుకు, నిప్పురవ్వకు మన డ్రాయింగుతో సంబంధం లేదు. అవి ఏ కారులోనైనా ఒకే సైజులో ఉంటాయి. ఆ పదేళ్లలో పెద్ద భాగం ఎక్కడికి పోయి ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. పొడవు ఆరో వంతయితే వైశాల్యం 36వ వంతు, ఘనపరిమాణం 216వ వంతు అవుతుంది. 1638లో గెలీలియో పెద్ద జంతువుల ఎముకలు ఎందుకంత లావుగా ఉండాలో వివరించింది ఈ సూత్రంతోనే. డ్యూసెన్‌బర్గ్ సిలిండర్ బోరు 95.25 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120.65. ఆరుతో భాగిస్తే బోరు 15.9, స్ట్రోకు 20.1 మిల్లీమీటర్లు వస్తాయి. 6.9 లీటర్ల ఇంజన్ కాస్తా 32 సీసీ దగ్గర తేలుతుంది. ఎనిమిది సిలిండర్లూ కలిపితే మన ఊళ్లలో తిరిగే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 ఒక్క సిలిండర్‌లో మూడో వంతు. ఒక్కోదాని వాటా నాలుగు సీసీ!

ఆ నాలుగు సీసీలో మంట పుట్టాలి. పుట్టిన వేడి ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, గోడల్లోంచి జారిపోయే వేడి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అంటే చిన్న ఇంజన్‌లో ప్రతి సీసీ మంటకూ ఆరు రెట్లు ఎక్కువ చల్లటి గోడ తగులుతుంది. పైగా గోడకు మరీ దగ్గరైతే మంట బతకదు. ఇరుకు సందులోకి వెళ్లిన మంట తన వేడి లోహానికిచ్చి ఆరిపోతుంది. 1815లో హంఫ్రీ డేవీ సన్నటి తీగ జల్లెడ చుట్టి గని దీపం చేసింది ఈ గుణం మీదే. సింగరేణి వైపువాళ్లకు ఆ సేఫ్టీ ల్యాంపు సంగతి తెలిసే ఉంటుంది. గనిలో ప్రాణాలు కాపాడే ఆ ధర్మమే చిన్న ఇంజన్ చేసేవాళ్లకు అడ్డం తిరుగుతుంది. కంబస్చన్ ఛాంబర్‌లో మూలలు, సందులు ఎంత తగ్గిస్తే అంత మంచిది. కానీ అసలు కారు ఆకారం మారకూడదు. ఈ రెండు షరతుల మధ్యే పని జరగాలి.

నిప్పురవ్వ సంగతి ఇంకా ఇబ్బంది. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఖాళీని దూకడానికి సుమారు 3,000 వోల్టులు కావాలి. సిలిండర్ లోపల నొక్కుకుపోయిన గాలిలో ఇంకా ఎక్కువ కావాలి. ఆ వోల్టేజిని ఆరుతో భాగించడం కుదరదు. కానీ డిస్ట్రిబ్యూటర్ మూతలో తీగల మధ్య దూరం ఆరో వంతుకు పడిపోయింది. రవ్వ తన ప్లగ్గుకు వెళ్లకుండా పక్క తీగకు దూకేస్తుంది. ఆ కాలంలో ప్లగ్గు మర 18 మిల్లీమీటర్లుంటే ఇక్కడ 3 మిల్లీమీటర్లుండాలి, దాని లోపల ఇన్సులేటరు, దాని నడుమ ఎలక్ట్రోడు! ఇలాంటి ఇంజన్లు చేసేవాళ్లు టెఫ్లాన్ కడ్డీనో, లేతుకు లొంగే సెరామిక్ కడ్డీనో తీసుకుని ప్లగ్గు ఇన్సులేటర్లు ఒక్కొక్కటీ తామే తిప్పుకుంటారు. ఇగ్నిషన్ కాయిల్‌నూ ఎలక్ట్రానిక్స్‌నూ కంటికి కనపడని చోట సర్దుతారు. బయటికి మాత్రం అంతా 1932 లాగే ఉండాలి.

కార్బ్యురేటర్‌లో ఫ్లోటుది మరో మొండితనం. పెట్రోలు మట్టం పెరిగితే ఫ్లోటు పైకి లేచి సూదితో దారి మూస్తుంది. ఫ్లోటును లేపే బలం 216వ వంతుకు పడిపోయింది. సూది రంధ్రం వైశాల్యం 36వ వంతుకే తగ్గింది. పెట్రోలు అంతే ఒత్తిడితో తోస్తుంటే బుల్లి ఫ్లోటు దాన్ని ఆపలేదు. అందుకే చాలామంది ఫ్లోటు గిన్నెను చూపుకు ఉంచేసి, అసలు పని సూది మరతో సరిచేసుకునే సాదా కార్బ్యురేటర్‌కు అప్పగిస్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పిస్టన్ రింగు ఒక ఎత్తు. నా దృష్టిలో ఈ మొత్తం విద్యలో అతి తెలివైన వస్తువు అదే. రైలింజన్ల ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1850లలో ఇంగ్లండ్‌లో చీలిక రింగును తెచ్చాక దాని సూత్రం పెద్దగా మారలేదు. పిస్టన్ గాడిలో కూర్చున్న చీలిక రింగు తన స్ప్రింగు బలంతో గోడకు అతుక్కుంటుంది. మంట ఒత్తిడి రింగు వెనక్కి దూరి దాన్ని గోడకు ఇంకా గట్టిగా అదుముతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ సీలు బిగుస్తుంది. ఎవరూ బిగించక్కర్లేదు, అదే బిగించుకుంటుంది. కాకపోతే మొదటి క్షణంలో రింగు గోడకు చుట్టూ ఆని ఉండాలి. పెద్ద సిలిండర్‌లో పది మైక్రాన్ల వంకర ఉన్నా బండి నడుస్తుంది. నాలుగు సీసీ సిలిండర్‌లో అదే సందు మిగిలితే, నొక్కాల్సిన గాలి చాలావరకు అందులోంచే కిందికి జారిపోతుంది, ఇంజన్ స్టార్టే కాదు.

ఇప్పుడు రింగు ఎలా చెయ్యాలి? గుండ్రటి పోత ఇనుము రింగు తీసుకుని కోసి, చేత్తో కాస్త విప్పి సిలిండర్‌లో దూరిస్తే గుండ్రంగా కూర్చోదు. కొన్నిచోట్ల గట్టిగా నొక్కుతుంది, కొన్నిచోట్ల గోడను వదిలేస్తుంది. విప్పి ఉన్నప్పుడు రింగుకు ఒక ప్రత్యేకమైన ఆకారం ఉండాలి, మూసినప్పుడు అది కచ్చితమైన వృత్తం కావాలి. ఆ ఆకారాన్ని లేతు మీద తిప్పి తేవడం దాదాపు అసాధ్యం. స్ట్రిక్ట్‌లీ ఐ.సి. అనే అమెరికన్ పత్రికలో జార్జ్ ట్రింబుల్ రాసిన వ్యాసం దీనికి చూపిన దారిని మోడల్ ఇంజన్లు చేసేవాళ్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

దాని వెనకున్న తర్కం నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. సిలిండర్‌లో కూర్చున్న రింగును గోడ చుట్టూ సమానంగా నొక్కుతోందనుకోండి. అప్పుడు రింగును వంచే ప్రభావం, అంటే బెండింగ్ మూమెంట్, చీలిక కొసల దగ్గర సున్నా. చీలికకు సరిగ్గా ఎదురుగా గరిష్ఠం. పక్కలకు వచ్చేసరికి అందులో సగం. ఇప్పుడు సిలిండర్‌ను పక్కన పెట్టి, అదే రింగు చీలికలో చిన్న పిన్ను ఇరికించి కొసలను ఎడంగా తోయండి. మూమెంట్ లెక్క కట్టి చూస్తే కొసల దగ్గర సున్నా, ఎదురుగా గరిష్ఠం, పక్కల సగం. అచ్చంగా అదే పంపకం, దిశ మాత్రం తిరగబడింది! చుట్టూ పరుచుకున్న ఒత్తిడి చేసే పనిని రెండు కొసల మీది ఒక జత బలం తు.చ. తప్పకుండా చేస్తోందన్నమాట.

అంటే ఆ ప్రత్యేకమైన ఆకారాన్ని మనం కనిపెట్టక్కర్లేదు, రింగే కనిపెట్టుకుంటుంది. పోత ఇనుము గొట్టాన్ని బయటివైపు సరిగ్గా సిలిండర్ బోరు కొలతకు తిప్పుతారు. అందులోంచి సన్నటి రింగులు కోసి, ముఖాలు నున్నగా రుద్దుతారు. ఒక్కో రింగును రంపంతో కాకుండా పదునైన అంచుల మధ్య పెట్టి పుటుక్కున విరుస్తారు. పోత ఇనుము పెళుసు కనుక విరిగిన చోట లోహం నష్టపోదు, కొసలు ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటాయి. ఆ చీలికలో పిన్ను పెట్టి విప్పి, ఫిక్స్చర్‌లో బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తారు. ఆ వేడిలో లోపలి ఒత్తిళ్లన్నీ సడలిపోయి, విప్పిన ఆకారమే రింగుకు సహజమైన ఆకారం అయిపోతుంది. పిన్ను తీసేసినా అలాగే ఉంటుంది. దాన్ని మూసి సిలిండర్‌లో పెడితే, మొదట తిప్పిన వృత్తమే తిరిగొచ్చి గోడను చుట్టూ సమానంగా ఒత్తుతుంది. ఇక కొసల మధ్య కొంచెం ఖాళీ ఆకురాయితో తీయాలి. 50 మిల్లీమీటర్ల చుట్టుకొలత ఉన్న రింగు వంద డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.055 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆ మాత్రం చోటు చాలు. ఆరుతో భాగిస్తే మాట వినే అరుదైన ధర్మాల్లో లోహం సాగడం ఒకటి.

నడిచే మోడళ్లలో చివరి పరీక్ష చెవికి పెట్టేది. ఫ్రాన్స్‌కు చెందిన పియేర్ సెరి పదిహేనేళ్లు కూర్చుని ఫెరారీ 312పిబిని మూడో వంతుకు చేశారు. 1972లో తాను దిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందేలన్నీ గెలిచిన బండి అది. దాని మూడు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను 27తో భాగిస్తే 111 సీసీ. ఇంజన్ పలికే స్వరానికి రెండు మూలాలున్నాయి. సిలిండర్లు ఒక సెకనులో ఎన్నిసార్లు పేలుతాయన్నది మొదటిది. నిమిషానికి 10,800 చుట్ల దగ్గర పన్నెండు సిలిండర్లు సెకనుకు 1,080 సార్లు పేలుతాయి, ఇంజన్ చిన్నదైనా పెద్దదైనా ఆ సంఖ్య మారదు. సైలెన్సరు గొట్టాల్లో గాలి ఊగే వేగం రెండోది. గొట్టం మూడో వంతయితే ఆ స్వరం మూడు రెట్లు పైకెక్కుతుంది. ఒకటి సైజును పట్టించుకోదు, ఇంకొకటి సైజుకు కట్టుబడి ఉంటుంది. అందుకే చిన్న ఇంజన్ పాటలో తాళం అసలుదే, గొంతు మాత్రం పలుచన.

ఇంజన్ నడవక్కర్లేదు, కన్ను నమ్మితే చాలనే సంప్రదాయం ఇంకొకటుంది. బ్రిటన్‌లో జెరాల్డ్ వింగ్రోవ్ దానికి పెద్దదిక్కు. 1:15 కొలతలో ఆయన చేసిన కార్ల ఫొటో పక్కన నాణెం పెడితే తప్ప సైజు పట్టుకోలేం. నా మొగ్గు నడిచే ఇంజన్ల వైపే. అయినా వాళ్ల కష్టం తక్కువదేమీ కాదు. కారు రంగు పూత 0.1 మిల్లీమీటరు అనుకుంటే 1:15లో ఏడు మైక్రాన్లు కావాలి, తల వెంట్రుక మందంలో పదో వంతు. మామూలుగా రంగు వేస్తే తలుపు సందులు పూడుకుపోయి బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. సీటు తోలును కాగితం కన్నా పలచగా చెక్కాలి. చక్రాల ఊచలకు పావు మిల్లీమీటరు తీగ వాడాలి. వింగ్రోవ్ తన పద్ధతులన్నీ దాచుకోకుండా పుస్తకాలుగా రాశారు, అందుకు ఆయనకు చెయ్యెత్తి మొక్కాలి.

ఈ చేతిపనికి వెనక చాలా చరిత్ర ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్లకు బుల్లి నెపోలియన్ బగ్గీలు, తర్వాత కార్ల నమూనాలు చేసే పోటీలు పెట్టి చదువులకు డబ్బిచ్చింది. ఇటలీలోని ట్యూరిన్ నుంచి పోషర్ కంపెనీ 1960లలో 1:8 కిట్లు తెచ్చింది. ఓపికపరులు అందులోని ప్లాస్టిక్ ముక్కలు తీసి పక్కన పెట్టి ఇత్తడితో సొంతంగా చేసుకున్నారు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు, కంప్యూటర్ లేతులు వచ్చి డాష్‌బోర్డు గేజీల నుంచి గ్రిల్లు దాకా రోజుల పనిని గంటల్లోకి తెచ్చాయి. రింగు మాత్రం ఇప్పటికీ పోత ఇనుమే.

వర్క్‌షాపు అందుబాటులో ఉన్న డిప్లొమా పిల్లలకు నేను చెప్పేది ఒకటే: మొదటే ఎనిమిది సిలిండర్లు పెట్టుకోవద్దు. ఒకే సిలిండర్, బోరు 25 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి. అక్కడ ప్లగ్గు రెడీమేడ్‌ది సరిపోతుంది, మంటకు చోటుంటుంది, కార్బ్యురేటర్‌తో మరీ కుస్తీ పట్టక్కర్లేదు. మిగిలిన ఓపికంతా రింగు మీద పెట్టండి. ముందు పది రింగులు కోసి, విరిచి, కాల్చండి. ఒక్కొక్కదాన్నీ సిలిండర్‌లో పెట్టి వెనక నుంచి దీపం చూపండి. రింగు చుట్టూ ఎక్కడా వెలుతురు రానిదాన్నే పిస్టన్‌కు ఎక్కించండి.