ఒకే ఇంటిపేరు, ముగ్గురు కాటన్‌లు

ధవళేశ్వరం: కాటన్ అనగానే గోదావరి జిల్లాల రైతుకు ఆనకట్టే జ్ఞాపకం వస్తుంది. అయితే దేశంలో ఆ పేరున వున్న సంస్థలన్నీ మన కాటన్ దొరవి కావు. కాటన్ అన్నది ఆంగ్లేయుల ఇంటిపేరు. ఆ ఇంటిపేరు గల మరి ఇద్దరు ప్రముఖులు కూడా మన దేశంలో పనిచేశారు.

సిమ్లా, బెంగుళూరు నగరాలలోని బిషప్ కాటన్ పాఠశాలలకు ఆ పేరు వచ్చింది కలకత్తా బిషప్ జార్జి కాటన్ వల్ల. సిమ్లా పాఠశాలను ఆయనే 1859లో నెలకొల్పారు. 1866లో నదిలో పడి మరణించారు. గౌహతిలో 1901లో ప్రారంభమైన కాటన్ కళాశాల అస్సాం చీఫ్ కమిషనర్ హెన్రీ కాటన్ పేర వెలిసింది. కుంభకోణంలో పుట్టిన ఈయన 1904 బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు.

మన ఆర్థర్ కాటన్ (1803-1899) ఇంజనీరు. గోదావరి నీరు సముద్రం పాలవుతుంటే గట్టునున్న జనం కరువుతో అలమటించిన రోజులవి. 1847లో పని ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం వద్ద పాయలకు అడ్డంగా ఆనకట్ట పూర్తి చేయించారు. దాని స్థానే 1982లో పూర్తయిన బ్యారేజీకీ ఆయన పేరే పెట్టారు.

డెల్టా గ్రామాలలో ఆయన విగ్రహాలు నిలిపింది ప్రజలే. గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను స్మరించే పురోహితులూ వున్నారు. పిల్లలు పొరబడకుండా వుండాలంటే కాటన్ దొర అని వూరుకోక, ఆర్థర్ కాటన్ అని పూర్తి పేరు చెప్పడం మంచిది.