ఉప్పల్ నరబలి: హంతకుడి దగ్గరే ఆగిపోయే చట్టం

2018 జనవరి 31 రాత్రి చంద్రగ్రహణం. మర్నాడు ఉప్పల్ చిలుకానగర్‌లో ఒక ఇంటి డాబా మీద పసిపాప తల కనిపించింది. సుమారు రెండు వారాలకు పోలీసులు ఒక క్యాబ్ డ్రైవర్‌ని, అతని భార్యని అరెస్టు చేశారు. భార్య జబ్బు నయం కావాలంటే బలి ఇవ్వాలని ఓ మాంత్రికుడు చెప్పాడని, బోయిగూడ ఫుట్‌పాత్ మీది నుంచి పాపను ఎత్తుకొచ్చి చంపారని, మొండేన్ని మూసీలో పడేశారని పోలీసుల అభియోగం.

ఫుట్‌పాత్ మీది పాపే ఎందుకు? ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడ దాకా గుడిసెల్లో, కడుతున్న బిల్డింగుల కింద కాపురముండే కుటుంబాలున్నాయి. వాళ్ల బిడ్డలకు తలుపూ గోడా రక్షణ లేదు. బిడ్డ మాయమైతే స్టేషన్‌లో వాళ్ల మాట వినేవాళ్లూ తక్కువే. నమ్మకం ఎవరిదైనా, ప్రాణం పోయేది దిక్కులేని వాళ్లది.

నమ్మకం సాకు కాదు

రాజ్యాంగం 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇచ్చింది కానీ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడే ఇచ్చింది. దేవుడి పేరుతో చేసినా హత్య హత్యే. తొమ్మిదేళ్ల బాలుణ్ణి బలిచ్చిన సుశీల్ ముర్ము కేసులో 2003లో, రెండేళ్ల పసివాణ్ణి బలిచ్చిన ఈశ్వరీలాల్ యాదవ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు మరణశిక్షల్నే సమర్థించింది.

అట్రాసిటీ చట్టం ఎక్కడ పనికొస్తుంది?

బాధితులు ఎస్సీ, ఎస్టీలని తెలిసి హత్య చేస్తే సెక్షన్ 3(2)లోని ఐదో క్లాజు కింద జీవితఖైదు. నిందితుడికి బాధిత కుటుంబంతో పరిచయముంటే కులం తెలిసినట్టే కోర్టు భావించాలని సెక్షన్ 8 చెబుతుంది. ముక్కూమొహం తెలియని బిడ్డను ఎత్తుకుపోయిన కేసుల్లో ఇదే పెద్ద అడ్డంకి. చేతబడి చేశారన్న నింద వేసి ఎస్సీ, ఎస్టీలను కొట్టినా, మానసికంగా వేధించినా మాత్రం సెక్షన్ 3(1) కింద నేరుగా కేసు పెట్టొచ్చు. బాణామతి నెపంతో దాడులు జరిగే తెలంగాణ పల్లెల్లో కార్యకర్తలు ఈ సెక్షన్‌ని గుర్తుపెట్టుకోవాలి.

మాంత్రికుడి సంగతి?

హత్య జరిగాక సలహా ఇచ్చినవాణ్ణి ప్రేరేపణ కింద పట్టుకోవచ్చు. అంతకుముందు పట్టుకోవడమే కష్టం. తాయెత్తులు, మంత్రాలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. అది ప్రకటనల దగ్గరే ఆగిపోతుంది.

మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ ఇలాంటి చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2013 ఆగస్టు 20న ఆయన్ని పుణెలో కాల్చి చంపారు. ఆ డిసెంబర్‌లో చట్టం వచ్చింది. అమానుష పూజలు చేసినా, ప్రచారం చేసినా ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఆయన్ని కాల్చిన ఇద్దరికి జీవితఖైదు పడింది మాత్రం 2024 మేలో. కర్ణాటక కూడా 2017లో చట్టం చేసింది. తెలంగాణకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

చదువు ఒక్కటే దీన్ని ఆపదు. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు కూతుళ్ల హత్య కేసులో అరెస్టయిన తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్లే, పాఠాలు చెప్పేవాళ్లే.

అందుకే మేము అడుగుతున్నవి మూడు: మూఢనమ్మకాల నిరోధక చట్టం తేవాలి. ఫుట్‌పాత్ కుటుంబాల బిడ్డ తప్పిపోతే అడ్రస్ అడక్కుండా వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలి. ఇలాంటి ప్రతి కేసులో బాధితుల కులాన్ని మొదటిరోజే రికార్డు చేయాలి. ఉరిశిక్ష ఎంత కఠినమైనా అది బిడ్డ చచ్చాకే వస్తుంది. మనకు కావాల్సింది బిడ్డ బతికుండగానే పనిచేసే చట్టం.