పాత తెలుగు ఫైళ్ళు, కొత్త సాఫ్ట్‌వేర్: అపోహలు – వాస్తవాలు

ఏళ్ళ తరబడి కంప్యూటర్‌లో పోగుపడిన సొంత పత్రాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తరలించడం తెలుగువారికి రెండింతల పని. కథలు, వ్యాసాలు, ఉత్తరాలు, పెళ్ళిపత్రికలు, ఇంటి లెక్కలు, చిరునామాల జాబితాలు ఏవైనా సరే, ఇంగ్లీషులో ఉంటే చాలావరకు ఫైలు రకం మారిస్తే సరిపోతుంది. తెలుగులో ఉన్నవాటికి ఫైలు రకంతో పాటు లోపలి అక్షర సంకేతాలు కూడా మారాలి. సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడ్డ అమీర్‌పేటలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న మధురానగర్, పంజాగుట్టల్లోనూ డీటీపీ చేసేవారికి ఈ రెండో మార్పు కొత్తేమీ కాదు. ఇంట్లో సొంతంగా పని మొదలుపెట్టినవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. వారిని తప్పుదోవ పట్టించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాత ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపించాయంటే ఫైలు పాడైపోయినట్టే.

చాలా సందర్భాల్లో ఫైలు చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని చదివే ఫాంటు మాత్రం కొత్త కంప్యూటర్‌లో ఉండదు. అను ఫాంట్లు, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత స్థానం ఉండేది కాదు. ఒక ఫాంటులో 256 స్థానాలుండేవి. అవి రోమన్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించినవి. గుణింతాలు, ఒత్తులు కలిపి తెలుగుకు వందలాది రూపాలు కావాలి కాబట్టి, ఫాంటు తయారుచేసినవారు అక్షరాన్ని ముక్కలు చేసి ఆ స్థానాల్లో సర్దారు. తలకట్టు ఒక చోట, దీర్ఘం ఒక చోట, ఒత్తు మరో చోట. ‘కృష్ణ’ అని తెర మీద కనిపించినా ఫైలులో దాచుకున్నది కొన్ని రోమన్ సంకేతాల వరస మాత్రమే. ఫాంటు ఉంటే ఆ వరస తెలుగుగా కనబడుతుంది, లేకపోతే దాని అసలు రూపం బయటపడుతుంది. పాత ఫాంటును తిరిగి ఎక్కిస్తే పత్రం చాలావరకు యథాతథంగా ప్రత్యక్షమవుతుంది.

ఫైలును కోలుకోలేని విధంగా పాడుచేసేది తరచుగా మనిషి చేయి, లేదా సాఫ్ట్‌వేర్ అతిచొరవ. వర్డ్‌లో ఆటోకరెక్ట్ పనిచేస్తుంటే వాక్యం మొదట్లో ఉన్న చిన్న రోమన్ అక్షరాన్ని పెద్దదిగా మారుస్తుంది, నిటారు కోట్ గుర్తులను వంపు గుర్తులుగా మారుస్తుంది. ఇంగ్లీషుకు ఇది సాయమే. పాత తెలుగు ఫాంట్లలో చిన్న అక్షరం ఒక ముక్క, పెద్ద అక్షరం వేరే ముక్క. అందువల్ల పిచ్చి అక్షరాలు కనబడగానే వాటిని సరిచేయబోయి సేవ్ చేయడం కన్నా ముందు ఆటోకరెక్ట్ ఆపి, ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయాలి.

అపోహ: మొత్తం సెలెక్ట్ చేసి ఫాంటు మారిస్తే యూనికోడ్ అయిపోతుంది.

ఇంతగా సమయం తినే అపోహ మరొకటి లేదు. యూనికోడ్ ఫాంటు కాదు, ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక శాశ్వత సంఖ్య ఇచ్చే ప్రమాణం. 1991లో వెలువడిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు చేతికి అందాక ఇళ్ళలోని కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు మొదలైంది. అను ఫాంటులోని పాఠానికి గౌతమినో, మండలి అనే మరో యూనికోడ్ ఫాంటునో తగిలిస్తే, అంతవరకు దాగి ఉన్న రోమన్ సంకేతాలు బయటికి కనబడతాయి, అంతే.

మార్చవలసింది సంకేతాలను. అందుకు కన్వర్టర్ కావాలి. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ జోడింపు ఇలాంటి తొలి సాధనాల్లో ఒకటి. సొంత ఫాంట్లు వాడే తెలుగు పత్రికల వెబ్‌సైట్లను అది యూనికోడ్‌లోకి మార్చి చూపేది. కన్వర్టర్ పని పైకి కనిపించేటంత సులువైనది కాదు. యూనికోడ్ అక్షరాలను పలికే క్రమంలో దాస్తుంది: ‘కృష్ణ’ అంటే క, వట్రసుడి, ష, పొల్లు, ణ. పాత ఫాంటు కంటికి కనిపించే క్రమంలో దాస్తుంది. క్రావడి ఎడమ నుంచి చుట్టుకొచ్చే ఫాంట్లలో అది హల్లుకన్నా ముందే ఉంటుంది. ఏ ముక్క ఏ హల్లుకు చెందుతుందో కన్వర్టర్ తేల్చుకోవాలి. అదే ఫాంటులో ఒక వెర్షన్‌కూ మరో వెర్షన్‌కూ స్థానాలు మారినా, తెలుగు మధ్యలో ఇంగ్లీషు మాటలున్నా ఫలితం తడబడుతుంది. ఫైలులో ఫాంటు పేరు చూసి తెలుగు భాగాన్నీ ఇంగ్లీషు భాగాన్నీ విడదీసే కన్వర్టర్ నమ్మదగినది. పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో అతికించి మార్చడం మొదలుపెడితే ఫాంటు సమాచారం ముందే పోతుంది కనుక ఆ విభజన ఇక సాధ్యం కాదు.

అపోహ: కొత్త వెర్షన్ పాత వెర్షన్ ఫైళ్ళన్నిటినీ తెరుస్తుంది.

కొన్నిటినే, అదీ కొంతకాలమే. తెలుగు అచ్చు రంగాన్ని ఏలిన పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 చివరి ప్రధాన వెర్షన్. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు ఆ ఫైళ్ళను తెరిచి మార్చగలిగేది, తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ సదుపాయం తీసేశారు. యాక్సెస్ 97లో పెట్టుకున్న డేటాబేస్‌ను యాక్సెస్ 2013 అసలు తెరవదు. ముందు యాక్సెస్ 2010 లాంటి నడిమి వెర్షన్‌లో తెరిచి కొత్త రకంగా సేవ్ చేసి, ఆ తర్వాతే పై మెట్టు ఎక్కాలి. 64 బిట్ విండోస్ మీద 16 బిట్ కాలపు ప్రోగ్రాములు నడవవు. వాటికోసం పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో నడపడం మంచి దారి. అటకెక్కించిన కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే మార్పిడి పూర్తయ్యేదాకా దాన్ని పాతసామానుకు వేయకపోవడమే మేలు.

అపోహ: పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే ఇక దిగులు లేదు.

చదువుకోవడానికీ అచ్చు తీసుకోవడానికీ పీడీఎఫ్ మంచిదే. వెతకడానికీ తిరిగి వాడుకోవడానికీ అది సరిపోకపోవచ్చు. అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో కనిపించే తెలుగును కాపీ చేసి అతికిస్తే మళ్ళీ రోమన్ గందరగోళమే వస్తుంది. యూనికోడ్ పత్రం నుంచి చేసిన పీడీఎఫ్‌లో కూడా ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదరు కావచ్చు, ఎందుకంటే పీడీఎఫ్ దాచేది ప్రధానంగా అక్షరాల ఆకారాలను. భద్రపరిచే అవసరానికి ఉద్దేశించిన పీడీఎఫ్/ఏ ప్రమాణంలో, ‘యూ’ స్థాయిని పాటించిన ఫైలులో ప్రతి ఆకారానికీ యూనికోడ్ సంఖ్య జతపడి ఉండాలన్న నియమం ఉంది. వర్డ్ ఫైలు పోయి పీడీఎఫ్ ఒక్కటే మిగిలితే, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే ఓసీఆర్ శరణ్యం. దానిలో సున్న దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: తెలుగు సున్న ‘ం’, తెలుగు అంకె ‘౦’ చూపుకు ఒక్కలాగే ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేరు.

అపోహ: యూనికోడ్‌లోకి వచ్చాక వెతికితే ప్రతిదీ దొరుకుతుంది.

చిరునామాల జాబితాలో అమీర్‌పేట అన్న ఒక్క ఊరిపేరు చాలు, ఇది ఎంతవరకు నిజమో తేలడానికి. ఒకరు ‘అమీర్‌పేట’ అని టైపు చేస్తారు. ఇందులో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంది, దాని సంఖ్య 200సీ. అది లేకపోతే ‘ర్’ పక్కనున్న ‘పే’తో కలిసిపోయి ‘అమీర్పేట’ అవుతుంది. మరొకరు మధ్యలో ఖాళీ వదిలి ‘అమీర్ పేట’ అంటారు, ఇంకొకరు ‘అమీరుపేట’ అంటారు. మనిషికి ఒకటే ఊరు, డేటాబేస్‌కు నాలుగు. ‘సాఫ్ట్‌వేర్’, ‘మధురానగర్‌లో’ వంటి మాటలకూ ఇదే చిక్కు. కొందరు విసిగిపోయి కనబడని గుర్తులన్నిటినీ ఒక్క దెబ్బకు తీసేస్తారు. అప్పుడు ‘సాఫ్ట్వేర్’ వంటి రూపాలు మిగిలి చదవడానికి ఇబ్బందవుతుంది. చూపించే పాఠాన్ని అలాగే ఉంచి, వెతకడానికి మాత్రం ఆ గుర్తులూ ఖాళీలూ తీసేసిన రూపాన్ని పక్క గడిలో దాచడం సరైన పద్ధతి.

ఐత్వంలో మరో ఇబ్బంది ఉంది. ‘కై’లోని ఐత్వాన్ని 0సీ48 అనే ఒకే సంఖ్యతో రాయవచ్చు, 0సీ46, 0సీ56 అనే రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే. మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్ వ్యవస్థ ఫైలు పేర్లను రెండో పద్ధతిలో దాచేది. అక్కడినుంచి వచ్చిన ‘కైలాసం’ అనే ఫైలు విండోస్‌లో టైపు చేసి వెతికితే దొరకకపోవచ్చు. తరలింపులో పాఠమంతటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపంలోకి మారిస్తే ఈ సమస్య తీరుతుంది.

అపోహ: ఎర్రర్ ఏదీ రాలేదంటే డేటా అంతా వచ్చినట్టే.

డేటాబేస్ తరలింపులో ఎక్కువ నష్టం చడీచప్పుడు లేకుండానే జరుగుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలున్నాయి, అంటే 12 బైట్లు. ఇంగ్లీషు పేర్లు సరిపోయేలా బైట్ల లెక్కన కొలిచి పెట్టిన గడిలో తెలుగు పేరు మధ్యలోనే తెగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు కఠిన పద్ధతి అమల్లో ఉంటుంది కనుక పట్టని డేటాను అది తిరస్కరిస్తుంది. అంతకుముందు వెర్షన్లు సాధారణంగా తెంచివేసి, హెచ్చరికతో సరిపెట్టేవి. ఆ హెచ్చరికలను చదివేవారు తక్కువ.

పాడైన పాఠం తెర మీద రెండు రకాలుగా కనిపిస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది. ఎడమకు వాలిన గీత నెత్తిన పెట్టుకున్న చిన్న రోమన్ ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా కూడిక తీసివేత కలిసిన గుర్తు, ఇవి మళ్ళీ మళ్ళీ వస్తుంటే తెలుగు బైట్లు భద్రంగానే ఉన్నాయని అర్థం. ప్రతి తెలుగు సంకేతానికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండిట్లో ఒకటి. వాటిని పాత పాశ్చాత్య సంకేతాలుగా చదవడం వల్ల ఆ వేషం వచ్చింది, సరైన ఎన్‌కోడింగ్ చెబితే తెలుగు తిరిగి వస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం ఆ నకలులో అక్షరాలు పోయినట్టే, మూలానికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎక్సెల్‌లో తెలుగు జాబితాను మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తరచుగా జరిగేది ఇదే. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న ఎంపిక వేరుగా ఉంటుంది.

అంకెలకూ ఎక్సెల్‌లో ప్రమాదం ఉంది. అది 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది, 16 అంకెల కార్డు సంఖ్యలో చివరిది సున్న అయిపోతుంది. ఖాతా సంఖ్యల మొదట్లోని సున్నలు రాలిపోతాయి. 12 అంకెల ఆధార్ సంఖ్య గడిలో కుదించిన రూపంలో కనబడుతుండగా సీఎస్‌వీగా సేవ్ చేస్తే, కనబడినదే ఫైలులోకి వెళ్ళి మిగతా అంకెలు పోతాయి. ఆ నిలువు వరసలను ముందే ‘టెక్స్ట్’గా ప్రకటించాలి. అడ్డు వరసల లెక్క రెండు వైపులా సరిపోయిందా అని చూడడంతో ఆగకుండా, ఒత్తులు దట్టంగా ఉన్న పేర్లు, అతి పొడవైన చిరునామాలు, అతి పాత తేదీలు ఏరి ఒక్కొక్కటిగా పోల్చడం అవసరం.

అపోహ: మార్పిడి అయిపోయాక మూల ఫైళ్ళను తీసేయవచ్చు.

క్లౌడ్‌లో ఉన్నాయి కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఒక చోట తీసేసినది అన్ని చోట్లా పోతుంది. మూలాన్ని ఉంచుకోవడానికి ఇంకా బలమైన కారణం తెలుగు యూనికోడే. అందులో ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చరు, తీసేయరు, కొత్తవి మాత్రం చేరుతూ ఉంటాయి. దంత్య చకారం ‘ౘ’, దంత్య జకారం ‘ౙ’ 2008లో 5.1 వెర్షన్‌తో చేరాయి, నకారపొల్లు ‘ౝ’ 2021లో 14.0 వెర్షన్‌తో చేరింది. అంతకుముందు ఏ నిఘంటువు పనో ప్రబంధ వ్యాఖ్యానమో యూనికోడ్‌లోకి మార్చినవారికి ఆ అక్షరాలను మామూలు చ, జ, న్‌లుగా దించుకోక తప్పలేదు. పాత ఫాంటులో ఆ తేడా చూపి ఉంటే, దాన్ని తిరిగి రాబట్టే వీలు మూల ఫైలును, దాని ఫాంటును కలిపి దాచినవారికే ఉంటుంది.